ఉప్పుగాలిలో పాత ఓమ్ని: బాడీ తుప్పు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది భీమిలి వైపు, డాబా ఎక్కితే సముద్రం కనబడుతుంది. నాన్న 2003లో కొన్న ఓమ్ని ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది, నడుస్తోంది, చాలా ఏళ్లు హార్బర్ నుంచి చేపల పెట్టెలు కూడా మోసింది. ఆ 796 సీసీ ఇంజన్ ఏ మెకానిక్ అయినా బాగు చేస్తాడండి, కానీ మారుతి వాళ్లు 2019లో ఓమ్ని తయారీయే ఆపేశారు, కాబట్టి బాడీ పోయిందంటే బండి పోయినట్టే. మా ఊళ్లో, చుట్టాల్లో పాత వ్యాన్ ఉన్నవాళ్లు నన్ను పదే పదే అడిగేవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఓమ్ని అని రాసినా ఈకోకైనా, ఇంకే పాత రేకు బండికైనా లెక్క ఇదే.

మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, మనకి అది లేదు కదా, మరి మన బండికి ఉప్పు ఎక్కడిది?

మూడు దారుల్లో వస్తుంది. మొదటిది గాలి. అల విరిగిన ప్రతిసారీ సన్నటి తుంపర లేస్తుంది, అది గాలిలో తేలుతూ వచ్చి రేకు మీద వాలుతుంది, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఇది చాలా ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ గబగబా తగ్గిపోతుంది, బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీ గ్రిల్లులూ ఊరి లోపలి ఇళ్ల గ్రిల్లులూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. కాకినాడ నుంచి ఉప్పాడ పోయే బీచ్ రోడ్డులో అయితే పోటు మీదున్నప్పుడు అల వచ్చి రోడ్డు మీదే పడుతుంది, అందులోంచి బండి పోనిచ్చామంటే లీటరుకి ముప్పై గ్రాముల దాకా ఉప్పుండే సముద్రపు నీళ్లతో బండి అడుగంతా తడిపినట్టే.

రెండోది సరుకు. చేపల పెట్టెల్లోంచి కారే ఐసు నీళ్లు, ఎండు చేపల మూటలు, నౌపడ, చినగంజాం వైపు అయితే ఉప్పు బస్తాలే.

మూడోది చెప్తే ఎవరూ నమ్మరు, మనం బండి కడిగే నీళ్లు. తీరం పక్క ఊళ్లలో చాలా బోర్లు ఉప్పు తిరిగిపోయాయి. ఆ నీళ్లతో రోజూ బండి కడిగి ఎండలో వదిలేస్తే రోజూ ఒక పొర ఉప్పు పూసినట్టు, పాపం వాళ్లు శ్రద్ధగానే కడుగుతారు, ఆ శ్రద్ధే బండిని తినేస్తుంది.

ఉప్పు ఉంటే తుప్పు ఎందుకు అంత తొందరగా పడుతుంది?

ఇనుము, నీళ్లు, గాలి ఈ మూడూ కలిస్తే చాలు తుప్పు మొదలవుతుంది, ఉప్పు కలిస్తే ఆ నీళ్లలో కరెంటు బాగా పారి పని చాలా స్పీడుగా జరుగుతుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది, ఉప్పు రేకుని ఆరనివ్వదు. వర్షాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుంది కదా, అదే బండి కింద కూడా జరుగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోంచే నీళ్లు లాక్కుని కరిగిపోతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 40 శాతం లోపు తేమ కూడా సరిపోతుంది. అంటే వాన లేకపోయినా, మీరు కడగకపోయినా, ఆ మూలల్లో రేకు లోలోపల తడిగానే ఉంటుందన్నమాట. పైగా తుప్పు అసలు ఇనుము కన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింట్ బుడగలాగా లేస్తుంది. బుడగ మీకు కనబడిందంటే లోపల ఎప్పుడో మొదలైపోయింది.

ఓమ్నిలో ముందు ఎక్కడ చూడాలి?

ముందు డ్రైవర్ కాళ్ల కింద. మ్యాట్ తీయండి, దాని కింద ఫెల్ట్ లాంటి గుడ్డ ఉంటే అదీ తీయండి. మా బండికి నేను మొదటిసారి తీసినప్పుడు, అది మార్చి నెల, వాన పడి నెలలు అయిపోయింది, అయినా ఆ గుడ్డ పిండితే నీళ్లు కారాయి. కింద రేకు పైకి బానే కనబడింది, గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది అంతే. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కాను, కరకరమని పెచ్చు లేచింది, దాని కింద ఇంకో పెచ్చు, దాని కింద ఇంకోటి, నాలుగో పెచ్చు తర్వాత కింద సిమెంటు నేల కనబడింది. ఆ నీళ్లు ఎక్కడివా అని వెతికితే ముందు అద్దం రబ్బరు బీడింగ్ మూలలో ఎండిపోయి చీలింది, అక్కడినుంచి డ్యాష్‌బోర్డు వెనకగా కారి గుడ్డలో చేరుతోంది. నేల రేకు వేసే ముందు ఆ బీడింగ్ మార్చకపోతే డబ్బులు దండగ.

ఆ తర్వాత పక్క డోరు జరిగే కింది పట్టాలు, వాటిలో ఇసుక, మట్టి, చేప పొలుసులు చేరి తడిగా ఉంటాయి. డోర్ల అడుగంచు, రేకు లోపలికి మడిచి ఉంటుంది చూడండి, ఆ మడత. ఫుట్‌బోర్డు కింద బోలుగా ఉండే పెట్టె లాంటి భాగం. చక్రాల పైన మడ్‌గార్డు లోపలి అంచు, అక్కడ బురద గట్టిపడి గట్టులాగా ఉంటుంది, వేలు పెట్టి గీకండి. టాప్ చుట్టూ వాన నీళ్లు పోయే కాలవ, ఆకులు చేరేది అక్కడే. వెనక కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే వంపు తిరిగిన స్ప్రింగు పట్టీలు, బిగించే చోట్లు కూడా తప్పకుండా చూడాలి, దాని సంగతి చివర్లో చెప్తాను.

వీటన్నిటికీ అడుగున నీళ్లు పోవడానికి చిన్న చిన్న కన్నాలు కంపెనీవాళ్లే పెట్టారు. అవి మూసుకుపోతే డోరు లోపల నీళ్లు నిలబడిపోతాయి, డోరు ఊపితే గలగలమని వినబడిన బండ్లు కూడా చూశాను నేను. ఇనప తీగ పెట్టి పొడవకండి, పెయింట్ గీసుకుపోయి కొత్త తుప్పుకి మనమే దారి ఇచ్చినట్టవుతుంది, కొబ్బరి ఈనె పెట్టి తిప్పితే చాలు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఇంకోసారి. ఈ పేజీలో ఒక్కటే చేస్తాను అనేవాళ్లుంటే ఇది చేయండి, రూపాయి ఖర్చు లేదు.

పాత వ్యాన్ కొంటున్నాను, పెయింట్ మెరుస్తోంది, లోపల ఎలా ఉందో తెలిసేదెలా?

ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. మడ్‌గార్డు అంచుల్లో, డోర్ల కింద, ఫుట్‌బోర్డు మీద పెట్టి చూడండి, రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంటుంది, లప్పం, అంటే గుంతలు పూడ్చే పుట్టీ, మందంగా ఉన్నచోట జారిపోతుంది. వేలి కణుపుతో కొట్టినా తేడా తెలుస్తుంది, రేకు ఖంగుమంటుంది, లప్పం మొద్దుగా పలుకుతుంది. అడుగున కొత్తగా నల్ల కోటింగ్ తళతళలాడుతుంటే సంతోషపడకండి, ఎందుకు కొట్టించారని అడగండి. మ్యాట్ ఎత్తనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఎన్ని రోజులకోసారి కడగాలి?

ఒడ్డుకి దగ్గరైతే వారానికోసారి, అడుగుతో సహా. చేపలు మోసిన రోజు అయితే ఆ రోజే, రేపు కడుగుదాంలే అనుకోవద్దు. నీళ్లు మాత్రం మంచినీళ్లు కావాలి, మున్సిపల్ కుళాయి గానీ కాలవ నీళ్లు గానీ, వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. మీ బోరు నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్నాయంటే వాటితో మట్టి వదిలించుకోండి, ఆఖర్న రెండు బకెట్ల మంచినీళ్లు పోసి ముగించండి.

కడగడం సగం పనే, ఆరబెట్టడం మిగతా సగం. కడిగాక డోర్లన్నీ తీసి, మ్యాట్లు బయట ఎండలో వేసి, వీలైతే కాస్త ఏటవాలు మీద బండి పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి. సాయంత్రం కడిగి డోర్లు మూసేసి పడుకుంటే రాత్రంతా చెమ్మ లోపలే ఉంటుంది. మేము అందుకే పొద్దున్నే కడుగుతాం.

ప్రెషర్ వాష్ చేయించొచ్చా?

అడుగు భాగానికి మంచిదే, మడ్‌గార్డుల లోపలికి కూడా. పెయింట్ లేచిన చోట దగ్గర్నుంచి కొట్టనివ్వకండి, నీళ్లు ఆ పొర కిందకి దూరతాయి. సీట్ల కింద ఇంజన్ వైరింగ్ మీదకీ వద్దు.

చిన్న తుప్పు చుక్క కనబడింది, నేనే చేసుకోవచ్చా?

హాయిగా చేసుకోవచ్చు, ఒక ఆదివారం పని. చుక్క ఎంతుందో అంతే గీకితే సరిపోదు, చుట్టూ గట్టి పెయింట్ తగిలేదాకా వెళ్లాలి, వైర్ బ్రష్, తర్వాత ఎమరీ పేపరు, మెరిసే రేకు కనబడాలి. ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారండి, రుద్దేసి వెంటనే ప్రైమర్ కొట్టేస్తారు. రుద్దితే తుప్పు పోతుంది గానీ ఉప్పు పోదు, అది రేకులోని సన్న గుంతల్లో ఉండిపోతుంది, ఉప్పు పోయేది నీళ్లకే. కాబట్టి రుద్దాక మంచినీళ్లతో బ్రష్ పెట్టి రెండు మూడుసార్లు కడగాలి, వెంటనే తుడిచి, హెయిర్ డ్రయ్యర్ ఉంటే దాంతో ఆరబెట్టాలి. ఉప్పు మీద పెయింట్ వేస్తే ఆ ఉప్పు పెయింట్ పొరలోంచి కూడా నీళ్లు లాగుతుంది, మళ్లీ బుడగ అక్కడే లేస్తుంది.

గుంతల్లో నల్లగా మిగిలిపోయిన దానికి పెయింట్ షాపుల్లో దొరికే తుప్పు కన్వర్టర్ పూయొచ్చు, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ గానీ టానిక్ యాసిడ్ గానీ ఉండి తుప్పుని గట్టి పొరగా మారుస్తుంది. డబ్బా మీద రాసినట్టు వాడండి, యాసిడ్ మిగిలిపోతే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు. ఆ తర్వాత ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాలు కలిపి వేసేది. గేటుకి కొట్టే చవక రెడ్ ఆక్సైడ్ మీద నాకు నమ్మకం లేదు, గేటుకి ఏటేటా కొట్టుకుంటాం, బండి అడుగుకి కొట్టుకోం. ప్రైమర్ ఒక్కటే వేసి రంగు తర్వాత చూద్దాం అని నెలల తరబడి వదిలేయకూడదు, మామూలు ప్రైమర్లు చాలావరకు చెమ్మ పీలుస్తాయి. లప్పం కూడా అంతే, అందుకే వట్టి రేకు మీద కాకుండా ఎపాక్సీ మీద పెట్టమని అడగండి.

అడుగున నల్ల రబ్బరు కోటింగ్ కొట్టించేస్తే అన్నీ కవర్ అయిపోతాయి కదా?

కవర్ అవుతాయి, అదే బాధ. శుభ్రమైన, పొడి రేకు మీద కొడితే రాళ్ల దెబ్బల నుంచి బాగానే కాపాడుతుంది. తుప్పు మీద కొడితే లోపల ఉప్పూ తడీ అలాగే బిగిసిపోతాయి, కోటింగ్ పైకి నున్నగానే ఉంటుంది, కింద రేకు కరిగిపోతుంది, మీకు తెలిసేసరికి కోటింగే బండిని పట్టుకుని ఉంటుంది. మా బండికి జరిగింది ఇదే. 2012లో ఒక షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్, అండర్‌కోటింగ్ మొత్తం చేయించాం, నాన్న చాలా మురిసిపోయారు, కొత్త బండిలా వచ్చిందని స్వీట్లు పంచారు. ఏడాదిన్నర తిరక్కుండా ఎడమవైపు ఫుట్‌బోర్డు మీద అమ్మ కాలు పెడితే దిగబడిపోయింది, మడమ కోసుకుంది. విప్పి చూస్తే చిల్లుల్లో పాత పేపర్లు కుక్కి పైన లప్పం పెట్టి రంగేశారు. ఆ రోజు నాన్న మొహం నాకు ఇంకా గుర్తు. అప్పటినుంచే ఈ పనంతా నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను.

పాత ఇంజన్ ఆయిల్ గానీ డీజిల్ గానీ అడుగున కొడితే మంచిదంటారు, నిజమేనా?

నూనె పొర ఉంటే నీళ్లు తగలవు అన్నది నిజమే, అందుకే పూర్వం నుంచి కొట్టిస్తున్నారు. కానీ కాలిన ఆయిల్‌లో యాసిడ్లు, మసి, లోహపు పొడి ఉంటాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, కారినదంతా మన పెరట్లో నేలలోకి, బావిలోకే పోతుంది. డీజిల్ అయితే పల్చన, కొన్నాళ్లకే పోతుంది, అదీ రబ్బరుకి మంచిది కాదు. దీనికి బదులు మైనం బేస్ ఉన్న స్ప్రే గానీ, లానోలిన్ స్ప్రే గానీ వాడండి, లానోలిన్ అంటే గొర్రె బొచ్చులోంచి తీసే జిడ్డు. ఏదైనా సరే సైలెన్సర్ మీద, బ్రేక్ డ్రమ్ముల మీద, డిస్కుల మీద పడకూడదు.

ఫుట్‌బోర్డు, డోర్ల లోపల బోలు భాగాలకి ఏం చేయాలి?

వాటి కోసమే పల్చటి మైనం స్ప్రేలు ఉంటాయి, సన్నని పైపు తగిలించి కన్నాల్లోంచి లోపలికి కొట్టాలి. మంచి ఎండాకాలంలో, లోపల ఎముకలా ఆరి ఉన్నప్పుడు కొట్టండి, మే నెల మధ్యాహ్నం కన్నా మంచి టైమ్ లేదు, వేడికి మైనం మడతల్లోకి బాగా పాకుతుంది. అడుగు కన్నాల్లోంచి చుక్కలు కారితే లోపల అంతా అందినట్టు. కారడం ఆగాక ఆ కన్నాలు మళ్లీ ఈనెతో తెరవడం మర్చిపోకండి.

చిల్లు పడిపోయింది, ఎం సీల్ గానీ ఫైబర్ గానీ పెట్టి మూసేయొచ్చా?

నీళ్లు రాకుండా తాత్కాలికంగా సరే, బలం మాత్రం రాదు. కుళ్లిన రేకు గట్టి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయించాలి. బాడీ రేకు మిల్లీమీటరు కూడా ఉండదు, మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు ఇంకా పెద్దదవుతుంది, సన్న తీగతో, గ్యాస్ కాపులో చేసే సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డుకే వెళ్లండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి, పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకు దించాల్సిందే, గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే ఆ సిలిండర్ తీసి దూరంగా పెట్టాకే మంట. ఏం కాదులే అన్న మనిషి చేతికి బండి ఇవ్వకండి. వెల్డింగ్ అయ్యాక వెనకవైపు పెయింట్ కాలిపోతుంది, ఆ వెనక కూడా ప్రైమర్, అతుకుల్లో నీళ్లు దూరకుండా పూసే సీమ్ సీలర్, ఆపైన మైనం పడాలి, లేకపోతే అతుకు పక్కనే రెండేళ్లలో కొత్త చిల్లు. పని మధ్యలో వెళ్లి ఫోన్లో ఫోటోలు తీసుకోండి, నేను లప్పం పెట్టకముందు ఒకసారి, రంగు వేయకముందు ఒకసారి చూస్తానని ముందే చెప్పండి, నిజాయితీగా పనిచేసేవాళ్లు దీనికి ఏమీ అనుకోరు.

నేల మీద అల్యూమినియం చెక్స్ షీటు పరిపిస్తే?

సరుకు మోసే బండికి బలంగానే ఉంటుంది, కానీ దాని కింద నీళ్లు చేరితే కనబడవు, పైగా ఇనుమూ అల్యూమినియమూ ఉప్పునీళ్లలో ఒకదానికొకటి తగిలితే రివెట్ల చుట్టూ తెల్లపొడి వచ్చి వదులైపోతాయి. వేయిస్తే మధ్యలో రబ్బరు షీటు ఉండాలి, బోల్టులు విప్పి ఏడాదికోసారి ఎత్తి చూసేలా ఉండాలి.

బోట్లకి జింకు దిమ్మలు బిగిస్తారు కదా, బండికి కూడా బిగిస్తే?

మా హార్బర్‌లో ఇనప బోట్ల అడుగున చూస్తారు మీరు, ఇనుముకి బదులు ఆ జింకు కరుగుతుంది. అది పనిచేసేది దిమ్మా, బోటు అడుగూ రెండూ ఒకే నీళ్లలో మునిగి ఉన్నప్పుడే. బండి చుట్టూ గాలి ఉంటుంది, దిమ్మ ఒక మూల, తుప్పు ఇంకో మూల, మధ్యలో నీళ్ల దారి లేదు. బ్యాటరీకి తగిలించే తుప్పు నిరోధక ఎలక్ట్రానిక్ డబ్బాలకీ ఇదే లెక్క, ఆ డబ్బులు ఎపాక్సీకి పెట్టండి.

కవర్ కప్పి ఉంచితే మంచిదా?

గాలి ఆడే గుడ్డ కవరైతే పర్వాలేదు, ప్లాస్టిక్ టార్పాలిన్ వద్దు, కింద ఆవిరి పట్టి చెమటలు కారుతుంది. పచ్చిగడ్డి మీద, తడి మట్టి మీద బండి పెట్టకండి, అడుగు నుంచి చెమ్మ లేస్తూనే ఉంటుంది. సిమెంటు గానీ కంకర గానీ ఉన్నచోట, గాలి ఆడే రేకుల షెడ్డు కింద పెడితే చాలు.

తుఫాను తర్వాత ఏం చేయాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బండి బాదం చెట్టు కింద ఉంది. తెల్లారి చూస్తే సముద్రం వైపు ఉన్న పక్కంతా ఆకుల పిప్పి పేస్టులా అంటుకుపోయి ఉంది, నాలుక్కి తగిలితే ఉప్పు. కరెంటు లేదు, మోటార్లు లేవు, తాగడానికే నీళ్లు కరువు, మూడోరోజు బిందెతో మోసి కడిగాం. ఆ పక్క డోర్ల కింది మడతలే తర్వాత ముందుగా పోయాయి, రెండో పక్క ఇప్పటికీ బాగుంది. ఇప్పుడు తుఫాను హెచ్చరిక రాగానే రెండు డ్రమ్ములు మంచినీళ్లు బండి కోసం వేరే పట్టి ఉంచుతాను. సముద్రం నీళ్లు బండి లోపలికే వచ్చేస్తే మాత్రం స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ తీసి, మ్యాట్లు, సీట్లు బయట పడేసి, లోపలంతా మంచినీళ్లతో కడిగించి మెకానిక్‌ని పిలవండి.

మా అబ్బాయి డెట్రాయిట్‌లో ఉంటాడు, పాత మినీవ్యాన్ కొన్నాడు, అక్కడ ఏం చేయాలి?

అక్కడ గొడవ ఇంకా ఎక్కువండి, ఆ ఊరి కిందే వెయ్యి అడుగులకి పైగా లోతులో పెద్ద ఉప్పు గని ఉంది, శీతాకాలమంతా రోడ్ల మీద ఉప్పే. మామూలు ఉప్పు సున్నాకి కింద 9 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది, అంతకన్నా చలి ఎక్కువైతే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రవాలు కూడా వాడతారు, అవి జిగటగా అంటుకుని అసలు ఆరవు. చలికాలం రాకముందు, అక్టోబర్‌లో బండి పొడిగా ఉన్నప్పుడే అడుగుకి, బోలు భాగాలకి ఆయిల్ లేదా లానోలిన్ స్ప్రే కొట్టించమనండి, ప్రతి ఏడాదీ. చలి తగ్గి మంచు కరిగే రోజుల్లో అడుగు కడిగే వసతి ఉన్న వాష్‌కి తీసుకెళ్లాలి. వేడి చేసిన గరాజ్‌లో ఉప్పు మంచుతో ఉన్న బండిని అలాగే పెట్టకూడదు, గడ్డకట్టి ఊరుకున్న ఉప్పు ఆ వెచ్చదనానికి కరిగి పని మొదలెడుతుంది. బూట్లతో లోపలికొచ్చే ఉప్పు నీళ్లకి గట్టి రబ్బరు ట్రేలు వేసుకోమనండి, ఏప్రిల్‌లో కార్పెట్ ఎత్తి చూసుకోమనండి.

ఇక ఈ బండి వదిలేయాలి అని ఎప్పుడు అనుకోవాలి?

ఓమ్నికి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. డోరు కుళ్లితే పాత సామాన్ల షాపులో ఇంకో డోరు దొరుకుతుంది, నేల రేకు పోతే వేయించుకోవచ్చు. సీటు బెల్టు బిగించే చోట, ముందు సస్పెన్షన్ బిగించే చోట, వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలే హ్యాంగర్ల దగ్గర, అడుగున పొడవుగా పోయే పట్టీలకి తుప్పు లోతుగా దిగితే మాత్రం ఎంత ప్రేమ ఉన్నా రోడ్డెక్కించొద్దు, పిల్లల్ని అసలు ఎక్కించొద్దు. మంచి వెల్డర్‌కి చూపించి, ఆ చోట్లు మళ్లీ కట్టడానికి గట్టి రేకు మిగిలిందా లేదా అడగండి, లేదంటే అక్కడితో ఆపేయండి. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్, అప్పుడు ఎలాగూ బండి చూపించాలి, కానీ తుప్పు ఐదేళ్లు ఆగదు కదా, నేనైతే ఏటా మే నెలలో ర్యాంపు ఎక్కించి, ఆ చోట్లన్నీ చిన్న సుత్తితో కొట్టి చూస్తాను. మా దానికి ఇప్పుడు ఎడమ వెనక హ్యాంగర్ పక్కన వేలెడు మేర రంగు లేచింది, సుత్తి పెడితే ఇంకా ఖంగుమనే అంటోంది, గీకి, కడిగి, ఆరబెట్టి నిన్ననే ఎపాక్సీ వేశాను.